పిలిస్తే పలికినవాడు

వీధి మలుపులో దర్జీ కొట్టుకూ, తాళాలు బాగుచేసే కొట్టుకూ మధ్య ఇరుక్కున్న చిన్న గదిలో ఒకాయన ఇత్తడి పలకల మీద పేర్లు చెక్కుతుంటాడు. ఇళ్ల గుమ్మాలకూ, ఆఫీసు గదులకూ, డాక్టర్ల తలుపులకూ తగిలించుకునే పలకలు. గది ఎంత ఇరుకంటే, కుర్చీలోంచి లేవకుండానే రెండు గోడలూ ముట్టుకోవచ్చు. నలభై ఏళ్లుగా అదే గది, అదే బల్ల. వీధిలో అందరూ ఆయన్ని అక్షరాలాయన అంటారు. అసలు పేరుతో పిలిచేది వాళ్లమ్మ ఒక్కతే. ఆవిడ పోయి నాలుగేళ్లయింది.

పేరు రాసిచ్చిన చీటీ చూసి ఊరికే చెక్కి పంపడం ఆయనకు చేతకాదు. పేరైతే అర్థమేమిటో, ఇంటిపేరైతే ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలి. తెలియకపోతే చెయ్యి ఆడదంటాడు. ఒకసారి ఓ వకీలు వచ్చి, తన ఇంటిపేరు 'గొళ్ళెం' అని రాసిచ్చి, అది మాత్రం కాస్త చిన్నక్షరాల్లో వెయ్యమని గొంతు తగ్గించి చెప్పాడు. అక్షరాలాయన ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, ఊళ్లో గుమ్మాలకు తడికెలు కూడా సరిగా లేని రోజుల్లో మీ పెద్దలెవరో గొళ్ళెం పెట్టించుకుని ఉంటారనీ, అంటే లోపల దాచుకోదగ్గది ఏదో ఉండి ఉంటుందనీ వివరించాడు. వకీలు పలక పట్టుకెళ్లే రోజున, ఇంటిపేరే పెద్దక్షరాల్లో వేసి ఉంటే బాగుండేదని నసిగాడు. మళ్లీ చెక్కించుకున్నాడు కూడా. ఇంకొకావిడ ఇంటిపేరు 'ఆలస్యం'. వాళ్ల ముత్తాత తన పెళ్లికి తనే ఆలస్యంగా వెళ్లాడట. ఆవిడ ఆ సంగతి చెబుతూ, తను కూడా చెప్పిన రోజుకు రెండు వారాల తర్వాత వచ్చినందుకు ఏమీ అనుకోవద్దంది. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్న సామెత ఎన్నిసార్లు చెప్పి నవ్వించాడో ఆయనకే గుర్తులేదు.

రోజు మొత్తంలో ఆయన మాట్లాడే మాటలు అవే. వచ్చినవాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయాక మళ్లీ సుత్తి చప్పుడు మొదలయ్యేది. సాయంత్రం దుకాణం మూసి, వెనక వీధిలో పై వాటాకు ఎక్కి, ఒక్కడికే వండుకుని, కంచం కడిగి బోర్లించి, కిటికీ దగ్గర కూర్చునేవాడు. అమ్మ ఉన్నప్పుడైనా ఆ ఇంట్లో పెద్దగా మాటలుండేవి కావు. కాకపోతే ఆ మౌనంలో ఇద్దరుండేవాళ్లు.

ఆయన ఇంటిపేరుకు మూలం తేలికే. తాతముత్తాతలు రేవులో సరుకు తూకం వేసేవాళ్లు, ఆ పనే ఇంటిపేరైంది. తన పేరు దగ్గరే చిక్కంతా. ఆ పేరుకు అర్థం తొలిచూలు కొడుకు అని. పెద్దవాడు అన్నమాట. చిన్నప్పుడు బళ్లో మాస్టారు ఒక్కొక్కరి పేరుకూ అర్థం చెబుతుంటే, తన వంతు వచ్చేసరికి ఆ మాట విన్నాడు. ఇంటికి పరిగెత్తుకొచ్చి, గిన్నెలు తోముతున్న అమ్మతో, "అమ్మా, నా పేరుకు పెద్దకొడుకు అని అర్థమట. మరి చిన్నకొడుకేడీ?" అన్నాడు. ఆవిడ చేతిలో గిన్నె అలాగే వదిలేసి, చేతులు కూడా తుడుచుకోకుండా లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. చీకటిపడే దాకా రాలేదు. నాన్న వచ్చి, ఇంట్లో పేర్ల ఊసు ఎత్తకని ఒక్క ముక్క చెప్పాడు. ఆ తర్వాత ఆయన ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ బళ్లో ఆయన అందరికంటే పొట్టి. బుడంకాయ అనేవాళ్లు. పొట్టిగా ఉంటే ఉన్నాడు, పాఠాలు కూడా ఎక్కేవి కావు. పక్కవాడు కూడికలు చేసి పలక చూపిస్తుంటే తను ఇంకా అంకెలు తిరగేసి రాసేవాడు. వీడికి వయసొచ్చింది గాని బుద్ధి రాలేదని మాస్టారు నాన్నతో చెబుతుంటే గుమ్మం పక్కన నిలబడి విన్నాడు. తనొక మందబుద్ధి అని ఆ రోజు తెలుసుకున్నాడు. తర్వాత ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పదో తరగతి తప్పాక చదువు మానేసి, చెక్కుడు పనిలో చేరాడు. అక్షరం ఒక్కటొక్కటే వస్తుంది కాబట్టి తనలాంటివాడికి ఇదే సరైన పని అనుకున్నాడు. ముప్పై ఏళ్లప్పుడు ఓ సంబంధం వచ్చింది. అమ్మాయి లెక్కల టీచరు. మాటా మంచీ అన్నీ కుదిరాయి. కానీ ఒకే ఇంట్లో ఉంటే తన తెలివి ఎంతో నెల తిరక్కుండా ఆమెకు తెలిసిపోతుందని భయపడి, ఆయనే వద్దని కబురు పంపాడు. కారణం ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత సంబంధాలు రాలేదు, ఆయనా ఎదురుచూడలేదు.

అరవై నిండినవాళ్లకు ఇచ్చే బస్సు పాసు కోసం జనన ధ్రువపత్రం కొత్త నకలు కావాలన్నారు. పాత కాగితం మడతల దగ్గర చిరిగి, తేదీ ఉన్నచోట చిల్లు పడింది. అందుకని ఒకరోజు దుకాణం మూసి, జనన మరణాలు నమోదు చేసే ఆఫీసుకు వెళ్లాడు. రెండో అంతస్తులో పొడుగాటి గది. పాత రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. కట్టలు కట్టలుగా నేలమీద పడి ఉన్నాయి, నడవాలంటే పక్కకు తిరిగి నడవాలి. జలుబుతో ముక్కు ఎర్రబడ్డ ఓ గుమాస్తా ఆవిడ ఆయన కాగితం తీసుకుని, నంబరు కొట్టి, తెర చూసి, ఆయన్ని చూసి, మళ్లీ నంబరు కొట్టింది.

కూర్చోమంది. ఆయన కూర్చున్నాడు. మంచినీళ్లు తాగుతారా అని అడిగింది. అప్పుడు ఆయనకు అనుమానం వచ్చింది.

"ఈ పుట్టుకకు ఎదురుగా మరణం కూడా నమోదై ఉందండి," అంది.

"ఎవరిది?"

"మీదే."

ఆయన కాసేపు ఆలోచించి, తను ఎప్పుడు పోయాడో కాస్త చెప్పమన్నాడు. ఆవిడ నవ్వాలో వద్దో తెలియక ముక్కు తుడుచుకుంది. రెండేళ్ల పదకొండు నెలల వయసులో, మూడు రోజుల జ్వరంతో అని రాసి ఉందంది. ఇలాంటి పొరపాట్లు పాత పుస్తకాల్లో బోలెడుంటాయని, నిరుడు ఒకాయన రికార్డులో వాళ్లావిడకంటే ముందు పుట్టిన కూతురు తేలిందని ఓదార్చింది. ఆయన కూడా పొరపాటే అనుకున్నాడు. ఆవిడ లేచివెళ్లి, తడబడుతూ, పెద్ద రిజిస్టరొకటి రెండు చేతులతో మోసుకొచ్చి బల్లమీద వేసింది. దుమ్ము లేచి ఇద్దరూ తుమ్మారు. వేలు పెట్టి వరసలు చూస్తూ ఒకచోట ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత పుస్తకం ఆయన వైపు తిప్పింది.

అదే తండ్రి, అదే తల్లి, అదే ఇంటి నంబరు. మగపిల్లవాడు. మొదటి పుట్టుకకు ఇరవై ఆరు నెలల తర్వాత తేదీ. పేరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. దాని మీద ఏ కాలంలోనో పడిన సిరా మచ్చ తప్ప ఏమీ లేదు.

"ఇది మీరనుకుంటానండి," అంది గుమాస్తా మెల్లగా.

ఆయన ఆ గడి వంక చూస్తూ ఉండిపోయాడు. ఎన్ని వేల పేర్లు చెక్కాడో. ఖాళీ గడి అంత పెద్దదిగా ఉంటుందని ఆయనకు తెలియదు. ఇలా ఖాళీగా వదిలేసిన గడిలో ఎప్పుడైనా పేరు రాయించుకోవచ్చనీ, పుట్టుక సంగతి తెలిసిన పెద్దవాళ్లెవరైనా వాంగ్మూలం రాసివ్వాలనీ ఆవిడ చెప్పుకుపోతోంది. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగింది. ఇంట్లో పెద్దవాణ్ణి నేనే అనబోయి ఆయన నోరు మూసుకున్నాడు. పిన్ని ఉందన్నాడు.

రెండు రోజులు దుకాణం తియ్యలేదు. తాళాల కొట్టాయన వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగితే, బాగానే ఉందని తలుపు దగ్గరే నిలబడి చెప్పి పంపేశాడు. అమ్మ పెట్టె తీసి వెతికాడు. ఇద్దరు పిల్లల ఆనవాలు ఎక్కడా లేదు. ఒక పిల్లవాడి ఆనవాలు కూడా పెద్దగా లేదు. తర్వాత కూర్చుని లెక్కవేసుకున్నాడు. ఆరేళ్లకు బళ్లో వేశారు, అంటే నాలుగేళ్లకు. పదహారేళ్లకు పదో తరగతి తప్పాడు, అంటే పద్నాలుగేళ్లకు. నాలుగేళ్ల పసివాణ్ణి ఆరేళ్లవాళ్ల మధ్య కూర్చోబెట్టి, వీడికి బుద్ధి రాలేదన్నారు. రాదు మరి. ఇంకా రావాల్సిన వయసు రాలేదు.

తను మందబుద్ధి కాదు. రెండేళ్లు చిన్నవాడు, అంతే. ఆ సంగతి తెలిస్తే ఎవరికైనా సంతోషం కలగాలి. ఆయనకు ఆ లెక్కల టీచరు గుర్తొచ్చింది. ఆవిడ మొహం సరిగా గుర్తురాలేదు, సంచీ పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది. కోపం వచ్చింది. ఎవరిమీద చూపించాలో తెలియలేదు. అమ్మ లేదు, నాన్న లేడు, మాస్టారూ ఉండి ఉండడు. కంచం కాస్త గట్టిగా పెట్టాడు. చప్పుడయింది. అంతటితో అయిపోయింది.

మూడో రోజున బస్సెక్కి పిన్ని దగ్గరికి వెళ్లాడు. రెండు గంటల ప్రయాణం. అమ్మ పోయినప్పుడు చూడటమే, మళ్లీ వెళ్లలేదు. పిన్నిది మూడో అంతస్తులో ఒంటిగది. ఎనభై రెండేళ్లొచ్చినా మెట్లెక్కి దిగుతుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై నాలుగేళ్లు పనిచేసింది. రోజూ ఎడమ చెవికి తగిలించుకున్న యంత్రం ఆ చెవిని తినేసింది. తలుపు తీసి ఆయన్ని చూడగానే, కుడివైపు కూర్చో, లేకపోతే నువ్వు చెప్పేదంతా గోడకే అంది. పెళ్లి చేసుకోనందుకు ఇద్దరం ఒకరినొకరం తిట్టుకోవచ్చు గాని ఇప్పుడు ఓపిక లేదంది. ఆయన జేబులోంచి ఆఫీసువాళ్లిచ్చిన రెండు కాగితాలు తీసి ఆవిడ ముందు పెట్టాడు. పిన్ని కళ్లజోడు పెట్టుకుని చదివింది. మడిచింది. కళ్లజోడు తీసేసింది.

ఎప్పటికైనా ఈ రోజు వస్తుందని తెలుసంది. తను ముందు పోతానేమోనని కాస్త ఆశపడ్డానంది.

తర్వాత నెమ్మదిగా చెప్పింది. పెద్దవాడు భలే గడుగ్గాయి. పది నెలలకే నడిచాడు. దీపం ఆర్పితే నిద్రపోయేవాడు కాదు. పిన్ని అనడం రాక ఇన్ని, ఇన్ని అనేవాడు. ఎప్పుడూ సందులోనే ఆడేవాడు. సాయంత్రం ఆరింటికి అమ్మ గేటు దగ్గర నిలబడి పేరుపెట్టి ఒక్క కేక వేస్తే ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేవాడు. రెండోవాడు పుట్టాడు. ఈ నెల పేరు పెడదాం, వచ్చే నెల పెడదాం అంటూ వాళ్ల నాన్న నాన్చాడు. ఇంట్లో చంటిపిల్లాడు ఒక్కడేగా, చంటోడా అంటే సరిపోయేది. రెండోవాడికి తొమ్మిదో నెల రాగానే పెద్దవాడికి జ్వరం తగిలింది. మూడు రోజులు.

"ఆ తర్వాత కూడా మీ అమ్మ రోజూ ఆరింటికి గేటు దగ్గరికి వెళ్లేది," అంది పిన్ని. "పేరు పెట్టి పిలిచేది. అదే కేక. చుట్టుపక్కలవాళ్లు కిటికీలు మూసుకునేవాళ్లు. మీ నాన్న చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినా మర్నాడు మళ్లీ వెళ్లేది. నెలరోజులు అలాగే జరిగింది. ఒకరోజు నేను ఇంట్లోనే ఉన్నాను. నిన్ను నేలమీద వదిలాను. అక్కయ్య గేటు దగ్గర పిలిచింది. నువ్వు తలెత్తి చూశావు. పాక్కుంటూ గది దాటావు, గడప దాటావు, మెట్టు మీంచి జారి బొక్కబోర్లా పడ్డావు. ఏడవలేదు. లేచి మళ్లీ పాక్కుంటూ వెళ్లి ఆవిడ పాదం పట్టుకున్నావు."

ఆయన మడిచి ఉన్న కాగితాలు తనవైపు జరుపుకున్నాడు.

"ఆవిడ పిలిచింది వాణ్ణి. వచ్చింది నువ్వు. ఎత్తుకుంది. ఆ మర్నాటినుంచి గేటు దగ్గరికి వెళ్లలేదు. నిన్ను ఆ పేరుతోనే పిలవడం మొదలుపెట్టింది. మేమంతా అమ్మయ్య అనుకున్నాం. అలా అనుకోవడమే మేం చేసిన తప్పు."

బడి సంగతి కూడా పిన్నే చెప్పింది. ఆరేళ్లు నిండిన పిల్లవాణ్ణి చేర్పించమని బడినుంచి ఉత్తరం వచ్చింది. వాళ్లు పుట్టినవాళ్ల పట్టీ చూసి పంపారు, పోయినవాళ్ల పట్టీ చూడలేదు. ఉత్తరం మీద పేరుంది. ఆ పేరుకు పలికే పిల్లవాడు ఇంట్లో ఉన్నాడు. అమ్మ వాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. వాడికింకా నాలుగేళ్లే కదా బావా అని పిన్ని మొత్తుకుంటే, నాన్న తన కాళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు. మళ్లీ ఆ గేటు దగ్గరికి వెళ్తుందేమోనని ఆయన భయం. ఈ విషయం ఎవరికీ చెప్పనని పిన్ని చేత మాట తీసుకున్నారు. అక్కచెల్లెళ్లిద్దరూ ఆ తర్వాత నిండుగా మాట్లాడుకున్న రోజు లేదు.

"అమ్మకు మతి తప్పిందా పిన్నీ?"

"లేదురా. అన్నీ తెలుసు. తెలిసే పిలిచింది."

ఆయన ఇన్నేళ్లూ అడగాల్సిన మాట ఒకటుందని ఇప్పుడే తెలిసినట్టు, దాన్ని ఎలా అడగాలో వెతుక్కుంటున్నట్టు ఉన్నాడు. చివరికి, "ఎప్పుడైనా నన్ను నన్నుగా చూసిందంటావా?" అన్నాడు.

పిన్ని తొందరపడి ఔనని చెప్పలేదు. తనకు తెలియదంది. కిటికీ అవతలికి చూసింది. తర్వాత ఒక సంగతి గుర్తుచేసుకుంది. ఆయనకు పదేళ్లో పదకొండేళ్లో ఉన్నప్పుడు జ్వరం తగిలింది. ఆ రోజు పిన్ని ఎక్స్ఛేంజీలో బోర్డు ముందు కూర్చుని ఉంది. సొంత ఫోన్లు మాట్లాడకూడదు. ఒక లైను దీపం వెలిగింది. తీస్తే అక్కయ్య గొంతు.

"ఒసే, చంటోడికి ఒళ్లు కాలిపోతోందే, ఏం చెయ్యను, అంది. నేను ఊరుకోవచ్చుగా. ఏ చంటోడు అక్కా అన్నాను. పాడు నోరు. నిజంగా తెలియకే అడిగాను, ఆ మాట విని ఎన్నేళ్లయిందో. ఆవిడ ఊపిరి వినబడుతూనే ఉంది. ఆ తర్వాత పెట్టేసింది. మళ్లీ ఆ మాట ఎప్పుడూ అనలేదు. నేనడక్కుండా ఉంటే ఇంకోసారి అనేదేమో."

ఆయన పిన్ని చెయ్యి మీద తన చెయ్యి వేశాడు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ అలా ముట్టుకునే అలవాటు లేదు. ఇద్దరికీ కాస్త ఇబ్బందిగా ఉంది. అయినా చెయ్యి తియ్యలేదు. చంటోడికి ఒళ్లు కాలిపోతోంది అన్న ఆ ఒక్క మాటను ఆయన అక్కడే నాలుగైదుసార్లు లోపల్లోపల అనుకున్నాడు. అమ్మ గొంతుతో వినాలని ప్రయత్నించాడు. ఆవిడ గొంతు వస్తోంది గాని, ఆ పిలుపు రావడం లేదు. ఆయన ఎప్పుడూ విననిది మరి.

పిన్ని వాంగ్మూలం రాసిచ్చింది. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు. ఏం పేరు రాయించుకుంటావని అడిగింది. తాత పేరు బాగుంటుందంది, మళ్లీ ఆయనకు చెముడని ఆ పేరుతో పిలిస్తే నువ్వూ పలకవేమో అంది. ఆలోచిస్తానన్నాడు. మెట్లదాకా వచ్చి, అప్పుడప్పుడు రారా, కుడివైపు చోటు ఖాళీయే అని చెప్పింది.

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని, ఆయన తన చేతిమీదుగా వెళ్లిన పేర్లన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాడు. గెలుపు అని అర్థం వచ్చేవి, వెలుగు అని, వెన్నెల అని, నదులూ కొండలూ పూలూ ధైర్యమూ సహనమూ. అన్నింటి అర్థాలూ తెలుసు. ఒక్కొక్కటే తీసుకుని, చొక్కా భుజాలకు ఆనించి చూసుకున్నట్టు చూసుకున్నాడు. కొన్ని మరీ పొగడ్తల్లా అనిపించాయి. కొన్ని చూస్తే ఇంకా పుట్టని ఎవరికోసమో ఆగి ఉన్నట్టున్నాయి. సహనం అన్నది కాసేపు నచ్చింది. కానీ దాని వెనక నిలబడి తను ఏదో ఫిర్యాదు చేస్తున్నట్టు ఉంటుందని వదిలేశాడు. బస్సు దిగేసరికి ఏదీ మిగల్లేదు.

వారం తర్వాత ఆఫీసుకు వెళ్లాడు. గుమాస్తా ఆవిడ జలుబు తగ్గింది. వాంగ్మూలం రెండుసార్లు చదివి, తల వంచుకుని కాసేపు కాగితాలు సర్దింది. తర్వాత ఆయన రాసిచ్చిన పేరు చూసి, ఇదే పేరు ఇదివరకే ఉందండి అంది. అవునన్నాడు. ఒకే తల్లిదండ్రులకు ఇద్దరు కొడుకులు, ఇద్దరికీ ఒకే పేరు అంటే కంప్యూటరు ఒప్పుకోదని, ఎందుకో కారణం రాయాలనీ చెప్పింది. మీకు వేరే పేరు ఏదైనా నచ్చితే ఇదే అవకాశమండీ, ఆ పేరుకు పెద్దవాడని అర్థం కూడా అంటున్నారు, మీరేమో రెండోవాళ్లు అంది. మంచి మనసుతోనే అంది.

"పేరుకు అర్థం ఏదైనా కావచ్చండీ," అన్నాడు ఆయన. "ఆ పేరు పెట్టి పిలిచినప్పుడు పలికింది నేనే."

ఆవిడ కారణం గడిలో ఏదో కొట్టింది. కొట్టింది చెరిపి మళ్లీ కొట్టింది. అంతసేపూ ఆయన ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చివరికి రెండు ధ్రువపత్రాలు బయటికొచ్చాయి. ఒకటి పుట్టి పోయినవాడిది. ఒకటి పుట్టి ఉన్నవాడిది. రెండూ ఆయన చేతికిచ్చి, బస్సు పాసుకు మాత్రం ఇంకా రెండేళ్లు ఆగాలి అంది. ఆయనకు నవ్వొచ్చింది. నలుగురున్న గదిలో ఆయన అలా పైకి నవ్వి చాలా కాలమైంది. మెట్లు దిగుతూ కూడా కాసేపు నవ్వుకుని, కింద వీధిలో ఆగి, రెండో కాగితం మీద తేదీ మళ్లీ ఒకసారి చూసుకున్నాడు.

ఆ తేదీ ఇంకో నాలుగు వారాలకు వచ్చింది. పనిరోజే. ఆకాశం మబ్బుగా ఉంది. ఆయన ఎప్పట్లాగే దుకాణం తీశాడు. పళ్ల డాక్టరు పలక ఒకటి పూర్తిచేశాడు. మధ్యాహ్నం తెచ్చుకున్నది తిన్నాడు. అంతా మామూలే. ఆ రోజు సంగతి లోకంలో తనకూ, పిన్నికీ, ఒక గుమాస్తాకూ తప్ప ఎవరికీ తెలియదు. పిన్నికి తేదీలు గుర్తుండవు. ఇన్నేళ్లూ ఈ తేదీ ప్రతి సంవత్సరం వచ్చి, గుమ్మం ముందునుంచి చడీచప్పుడూ లేకుండా వెళ్లిపోయి ఉంటుంది. ఆ రోజున అమ్మ ఏం చేసేదో గుర్తుచేసుకోవాలని చూశాడు. ఏమీ గుర్తురాలేదు. వంట చేసి ఉంటుంది. బట్టలు ఆరేసి ఉంటుంది. ఒకవేళ ఏ ఏడాదైనా ఒక్క నిమిషం ఆగి తనవైపు చూసిందేమో, చూస్తే తను ఏం చేస్తున్నాడో.

సాయంత్రం చినుకులు మొదలయ్యాయి. పక్క కొట్టు దర్జీ బయట వేలాడదీసిన కోట్లు లోపలికి తీసుకుంటుంటే ఆయన లేచివెళ్లి రెండు అందించాడు. పని అయ్యాక ఇద్దరూ ఆ కొట్టు గుమ్మంలో నిలబడి వాన చూశారు. పాతికేళ్లుగా పక్కపక్కనే ఉన్నా వాళ్ల మాటలు వాన దగ్గరా, కరెంటు దగ్గరా ఆగిపోయేవి. అక్షరాలాయన గొంతు సవరించుకుని, ఈరోజు తన పుట్టినరోజు అన్నాడు.

దర్జీ ఆశ్చర్యపోయాడు. మీది ఎండాకాలంలో కదా, మీ అమ్మగారు ఓసారి మీకు చొక్కా కుట్టించారు నా దగ్గర, నాకు బాగా గుర్తు, అన్నాడు.

"అది మా అన్నయ్యది."

"మీకు అన్నయ్య ఉన్నాడా? ఎప్పుడూ చెప్పలేదే."

"నాకూ ఈమధ్యే తెలిసింది," అన్నాడు అక్షరాలాయన.

దర్జీ నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగాడు. లోపలినుంచి స్టూలు తెచ్చి వేశాడు. ఇంకేమీ అడగలేదు. కూర్చున్నాక, అక్షరాలాయనే చెప్పడం మొదలుపెట్టాడు. పది నెలలకే నడిచాడట అన్నాడు. దీపం ఆర్పితే నిద్రపోయేవాడు కాదట. మా పిన్నిని ఇన్ని అనేవాడట. ఆ మూడు ముక్కలూ చెప్పేసరికి ఆయనకు తెలిసిందంతా అయిపోయింది. దర్జీ తల ఊపుతూ, ఇంకా వస్తుందేమోనని చూస్తున్నాడు. వాన గట్టిపడి, అవతలి వీధి కనబడకుండా పోయింది. ఇద్దరూ గుమ్మంలోంచి జరిగి కాస్త లోపలికి కూర్చున్నారు.